అడవి అంచున అడిగిన ప్రశ్నలు: ఖమ్మము - భద్రాచలము సీమలో జిజ్ఞాసా చరిత్ర

జిజ్ఞాస, కుతూహలము అను మాటలను మనము తరచుగా ఒకే అర్థమున వాడుచున్నాము. వ్యుత్పత్తిని బట్టి చూచినచో జిజ్ఞాస యనగా తెలిసికొనవలెనను కోరిక. కుతూహలమునందు ఆ కోరికకంటె మనస్సుయొక్క వేగిరపాటే ప్రధానము. ఈ రెంటికి సరియైన తెలుగుమాటలకై వెదకినచో వేరొక భేదము కానవచ్చును. పిల్లవాడు అడుగును, పెద్దవాడు ఆరా తీయును. అడుగుటలో అడిగినవాని తెలియమి బయటపడును. ఆరా తీయుటలో ఎదుటివాని గుట్టు బయటపడును. పిల్లవాడు ఆరా తీసెననిన, వాడు వయస్సునకు మించిన గడుసువాడని యర్థము. పెద్దవాడు ఊరక అడిగెననిన, అతనిని కొంత అమాయకునిగా లెక్కించితిమన్నమాట. నిఘంటువులు ఈ భేదమును పట్టించుకొనలేదు గాని పల్లెజనులకు ఇది బాగుగా తెలియును. ఖమ్మము, భద్రాచలము అడవిసీమలో గడచిన నూటయేబది యేండ్లకు పైగా జరిగిన ప్రశ్నోత్తరముల చరిత్రను ఈ భేదము వెలుగున పరిశీలింపదలచితిమి.

ఈ సీమకు ప్రభువులు మాటిమాటికి మారిరి. గోదావరికి ఎడమ గట్టుననున్న భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాము ప్రభుత్వమునుండి బ్రిటిషువారి వశమై, మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో చేరినవి. 1874లో అవి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. నదికి ఈవలనున్న పాల్వంచ సీమ నిజాము రాజ్యముననే నిలిచినది. 1953లో వరంగల్లునుండి విడివడి ఖమ్మము జిల్లా యేర్పడినది. 1959లో భద్రాచలము డివిజను దానితో కలిసినది. 2014లో పోలవరము ముంపు నిమిత్తము ఏడు మండలములలోని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో మిగిలిన అడవిభాగమున హెచ్చుపాలు భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అయినది. ప్రభువు మారినప్పుడెల్ల క్రొత్త అధికారులు, క్రొత్త ప్రశ్నలు వచ్చినవి. సమాధానము చెప్పవలసినవారు మాత్రము వారే: కోయలు, కొండరెడ్లు.

ప్రశ్నకు హద్దు కలదా యను చర్చ మనకు క్రొత్త కాదు. బృహదారణ్యకోపనిషత్తున గార్గి ఒకదానిపై నొకటిగా ప్రశ్నలు వేయగా యాజ్ఞవల్క్యుడు అతిప్రశ్న కూడదని ఆమెను నిలిపెను. కఠోపనిషత్తున బాలుడైన నచికేతుడు మరణానంతర స్థితిని గూర్చి యడుగగా, వేరు వరమేదైన కోరుకొమ్మని యముడు తప్పించుకొనజూచెను. బాలుడు పట్టు విడువలేదు. ఈ కథలను మనము సాధారణముగా ప్రశ్నించువారి పక్షమున చదువుదుము. ఇచట మాకు ముఖ్యమైనది వేరొకటి. ఆ రెండు కథలలోను అతిప్రశ్న యని చెప్పగల అధికారము ప్రశ్నింపబడినవానికి కలదు. యాజ్ఞవల్క్యుడు వలదనగలడు, యముడు బేరమాడగలడు. మన అడవిసీమలో ఆ సంబంధము తలక్రిందులైనది. అడుగువాడు తహశీలుదారో, సర్వేయరో, మతప్రచారకుడో, పండితుడో. అతని వెనుక ప్రభుత్వము కలదు. సమాధానము చెప్పువానికి వలదను హక్కు లేదు. వానికి మిగిలిన ఆయుధము 'తెలియదు' అను నొక్కమాట. ఏజన్సీ గ్రామములందు పనిచేసిన పరిశోధకులెల్లరు ఈ మాటను విన్నవారే. దానిని అజ్ఞానమని వ్రాసికొన్నవారు తమ ప్రశ్నావళిని నింపుకొనిరి, అంతే.

ఒక ఉదాహరణము సవిస్తరముగా చూతము. పినపాక ప్రాంతమందలి జానంపేట, దొంగతోగు మొదలగు చోట్లను, ఎగువన మంగపేట అడవులలోని మల్లూరు, కాటాపురము సమీపములను పెద్ద రాతిపలకల సమాధులు గుంపులు గుంపులుగా కలవు. నాలుగు పలకలు నిలిపి, పైన ఏనుగుకైన కదలని కప్పురాయి నుంచి, చుట్టును గుండ్రాళ్ల వలయము పేర్చిరి. కొన్నింట లోపల ఒకే రాతిని తొలిచిన తొట్టి కలదు. అందు ఎముకలు, కుండపెంకులు ఉండెడివి. ఇవి ఇనుపయుగపు సమాధులని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చిరి. స్థానికులు వీనిని రాకాసి గుళ్ళందురు. ఇంతింత రాళ్లు మనుష్యులు ఎత్తజాలరు గనుక రాకాసులే ఎత్తిరని వారి సమాధానము. మేమును విద్యార్థిదశలో ఈ పేరు విని నవ్వితిమి. ఇప్పుడు ఆ నవ్వు తొందరపాటని తోచుచున్నది. ఏలయన, ఆ పేరులో ఒక ప్రశ్న దాగియున్నది: ఇంత రాయిని ఎవరు ఎత్తిరి, ఎట్లెత్తిరి? ఆ సమాధానము తప్పు కావచ్చును గాని ప్రశ్న సరియైనదే. కప్పురాళ్లను ఎట్లు పైకి చేర్చిరను విషయము నేటి శాస్త్రజ్ఞులకును చర్చనీయాంశమే.

1868లో సర్వే శాఖకు చెందిన ముల్హెరన్ ఈ ప్రాంతపు రాతిసమాధులను గూర్చి బెంగాలు ఏషియాటిక్ సొసైటీకి వ్రాసెను. సమాధుల చెంత శిలువ ఆకారముగల నిలువురాళ్లు కూడ అతనికి కానవచ్చినవి. ఆ సమాచారమును లండనులో చదివినవాడు వాస్తుచరిత్రలో గొప్ప ప్రామాణికుడైన జేమ్స్ ఫెర్గూసన్. ప్రపంచమందలి ముతకరాతి కట్టడములను గూర్చి 1872లో అతడు ప్రకటించిన గ్రంథమున ఈ కాటాపురపు శిలువలకు చోటు దొరికినది. రాతిసమాధులు జనులు తలచునంత పురాతనములు కావని ఫెర్గూసన్ వాదము. ఈ రాళ్లు క్రైస్తవ శిలువలైనచో ఆ వాదమునకు బలము చేకూరును. కనుక గోదావరి యడవులలో ఒకప్పుడు క్రైస్తవులు వసించి యుందురను ఊహవైపు అతడు మొగ్గెను. నిజమునకు అవి శిలువలు కావు. తల, చాచిన చేతులు, మొండెము గల మనుష్యాకృతులు. దొంగతోగు వద్దనున్న కొన్నింటికి స్తనములు కూడ చెక్కబడి యుండుటచేత అవి స్త్రీమూర్తులని స్పష్టము. ఆ మహాపండితుడు వేలమైళ్ల దూరమున కూర్చుండి తన మతచిహ్నమును మన యడవిలో చూచెను. రాకాసులను చూచిన కోయవానికిని శిలువలను చూచిన ఫెర్గూసనునకును భేదమెచట? కోయవాడు తనకంటె గొప్పవారెవరో ఇది చేసిరని తలచెను. ఫెర్గూసన్ తనవారే చేసిరని తలచెను. మొదటి పొరపాటు విస్మయమునుండి పుట్టినది, రెండవది వాదమునుండి పుట్టినది. చిన్నపిల్లల తప్పులు సాధారణముగా మొదటి జాతివి; విద్వాంసుల తప్పులు రెండవ జాతివి. ఈ మాట మాకును వర్తించునని చెప్పక తప్పదు.

ఇల్లెందు బొగ్గు సంగతి ఇంతకంటె క్లుప్తముగా చెప్పవచ్చును. భద్రాచల యాత్రికులు వంటకై నల్లరాళ్లను పొయ్యిగా పెట్టగా ఆ రాళ్లే అంటుకొనెనని, ఆ వింత నోటినోట ప్రాకెనని ఆ ప్రాంతమున చెప్పుదురు. గ్రంథములలో నున్నది భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ పేరు. 1871లో అచట బొగ్గుపొరను గుర్తించినవాడు ఆయన. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడినది, 1889లో తవ్వకము సాగినది, 1920లో సింగరేణి పేరు స్థిరపడినది. పొయ్యిరాయి ఎందుకు మండెనని యడిగిన యాత్రికునకు పేరు లేదు. ఆ కథ నిజమో కాదో యట్లుండనిండు. బొగ్గు ఎంత లోతున, ఎంత మందమున నున్నదను ప్రశ్నకు కింగ్ చక్కని సమాధానము చెప్పెను. దానిపై నున్న గూడెములవారు రేపు ఎచటికి పోవుదురను ప్రశ్న భూగర్భ శాస్త్రమున చేరదు. అది ఆయన లోపము కాదు. ఆ శాస్త్రపు హద్దు.

లెక్కించుటకై యడుగు ప్రశ్నలు వేరొక తరగతివి. మధ్యపరగణాల పాలనలో రేకపల్లి సీమయందు పోడుపై పన్ను స్వల్పముగా నుండెడిది. మద్రాసు ప్రభుత్వమునకు వచ్చిన పిమ్మట అది సుమారు మూడింతలైనది. కలప పెంపునకై ప్రత్యేకించిన కొన్ని చోట్ల పోడు పూర్తిగా నిషేధింపబడినది. ఎందరు పోడు కొట్టుచున్నారు, ఎంత అడవి కలదు, ఎంత రాబడి వచ్చును అను ప్రశ్నలకు అధికారులు శ్రద్ధగా సమాధానములు కూర్చిరి. పోడు కొట్టినవాడు మరల అదే కొండకు ఎన్నేండ్లకు వచ్చును, ఆ నడుమ అడవి ఎట్లు పెరుగును, జొన్న పండని యేట వాడేమి తినును అను ప్రశ్నలకు ఆ పట్టికలలో గడి లేదు. 1879 మార్చిలో రంపలో చెలరేగిన తిరుగుబాటు ఆ యేడే రేకపల్లి సీమకు వ్యాపించినది. పన్నుల హెచ్చింపు అందుకు ముఖ్యకారణమని తరువాతి ప్రభుత్వ గ్రంథములే ఒప్పుకొన్నవి. తిరుగుబాటునకు పూర్వము అడుగవలసిన ప్రశ్న తిరుగుబాటు తరువాత విచారణగా వచ్చినది.

అదే కాలమున భద్రాచలమునకు కొలదిమైళ్ల దూరమందలి దుమ్ముగూడెమున జాన్ కెయిన్ అను మతప్రచారకు డుండెను. 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో 1876 మొదలుకొని అతడు ప్రకటించిన వ్యాసములు భద్రాచలము, రేకపల్లి తాలూకాల కోయలను గూర్చిన తొలి విపులరచనలలోనివి. వివాహములు, గట్టులు, వేల్పులు, పండుగలు, ఉత్తరక్రియలు - అతనికి పట్టని విషయము లేదు. అతని కుతూహలము నిష్కామము కాదు. వారి వేల్పులను తెలిసికొనుట వారిని ఆ వేల్పులనుండి మరల్చుటకే. అయినను ఏండ్ల తరబడి ఒకేచోట నుండుటవలన అతని రచనకు దిటవు వచ్చినది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటముల దక్షిణభారత కులజాతుల గ్రంథమును వెలువరించినప్పుడు కోయల ప్రకరణమున హెచ్చుభాగమునకు కెయిన్ రచనలే ఆధారమైనవి. ఆ పిమ్మట కోయలను గూర్చి వ్రాసినవారు థర్‌స్టనును చూచిరి. ఈ విధముగా ఒక్క ఊరినుండి ఒక్కడు చూచినది ఒక జాతి యంతటికి లక్షణమైనది. తమను తాము కోయతూరులని చెప్పుకొనువారికి గ్రంథములలో పొరుగువారు పిలిచిన పేరే నిలిచినది.

థర్‌స్టన్ మనుష్యుల తలలను, ముక్కులను కొలుచు పరికరములతో తిరిగినవాడు. వయనాడులోని పణియ స్త్రీలు అతనిని చూచి పారిపోయిరని, తమలో చక్కనివారిని గడ్డితో కూరి మద్రాసు మ్యూజియములో నిలుపునని వారు భయపడిరని అతడే వేడుకగా వ్రాసికొనెను. ఆ భయము వట్టి మూఢత్వమని తోసివేయలేము. చచ్చిన పులిని, అడవిదున్నను మ్యూజియములో నిలిపినవారు తమ్ము మాత్రము ఏల విడుతురని వారి తర్కము. కొలుచువాని దృష్టిలో తమకున్న స్థానమును వారు సరిగనే పసికట్టిరి.

ఇక క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ సంగతి. వియన్నాలో 1909లో పుట్టిన ఈ పండితుడు 1939లో యుద్ధము వచ్చినప్పుడు బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయు డయ్యెను. హైదరాబాదు రాజ్యమున నుండుటకు అతనికి అనుమతి దొరికినది. నిర్బంధమే పరిశోధనకు అవకాశమైనది. 1940లో నల్లమల చెంచులను, 1941లో గోదావరి గట్టున పాల్వంచ తాలూకా కొండరెడ్లను భార్యతో కూడ వారి నడుమ నివసించి పరిశీలించెను. కొండరెడ్లను గూర్చిన గ్రంథము 1945లో వెలువడినది. పోడు, కల్లు, వేట, పెండ్లి, చావు - ఇవన్నియు అందు కలవు. అంతతో నిలిచినచో అతడు రెండవ కెయిన్ మాత్రమే యగును.

కాని కొండరెడ్ల మతమును గూర్చి యడుగబోయిన అతనికి వారి అప్పులు ఎదురుపడినవి. నదిగట్టున వెదురు, కలప నరికించు వ్యాపారుల క్రింద రెడ్లు ఎట్లు చిక్కుకొనిరో, కూలి ఎట్లు ఖాతాలో కరగిపోయెనో అతడు చూచెను. తాను అడుగదలచిన ప్రశ్న ఒకటి, వారు చెప్పదలచిన సమాధానము మరొకటి. తన ప్రశ్నను విడిచి వారి సమాధానమును వినుట అతని గొప్పతనమని మా అభిప్రాయము. 1945లో నిజాము ప్రభుత్వము ముద్రించిన నాలుగు నివేదికలలో ఈ విషయములు చోటుచేసికొన్నవి. గిరిజన వ్యవహారములకు అతడు ప్రభుత్వ సలహాదారయ్యెను. 1946లో గిరిజన ప్రాంతముల నిబంధన వచ్చుటకు ఆ కృషియు తోడ్పడినది. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట అతడు మరల ఈ గూడెములకు వచ్చెను. తాను చూచిన భూములు ఎందరి చేతులనుండి జారిపోయెనో విచారించి 1982లో మరియొక గ్రంథము వ్రాసెను. ఒకే ఊరిని రెండు పర్యాయములు అడిగినవారు మన పరిశోధకులలో ఎందరు కలరు? పట్టము చేతికి వచ్చిన మరునాడే పరిశోధించిన ఊరిపేరు మరచువారిని మేమెరుగుదుము. మేమును ఆ కోవలోనివారమే.

హైమెండార్ఫునకును హద్దులు లేకపోలేదు. అతడు ప్రభుత్వమునకు సలహాదారుడు. నాటి తెలంగాణమున భూమిని గూర్చి ప్రజలే లేవనెత్తిన ప్రశ్నలకు ఆ పదవిలో చోటు తక్కువ. అతని గ్రంథములు ఆంగ్లమున నున్నవి, అతని ఛాయాచిత్రములు లండను విశ్వవిద్యాలయపు ఓరియంటల్, ఆఫ్రికన్ విద్యల పాఠశాలలో భద్రమైయున్నవి. సమాధానము చెప్పినవాని మనుమడు వానిని చదువుటకు ఒక పరాయిభాష, ఒక సముద్రము దాటవలెను.

ఇచట పిల్లల ప్రసక్తి వచ్చును. పిల్లలకు సహజముగా కుతూహలము హెచ్చని, పెరిగినకొలది అది తగ్గునని చెప్పుట పరిపాటి. ఈ సీమలో అది వయస్సువలన తగ్గుట కంటె భాషవలన తగ్గుట హెచ్చు. ఇంట కోయమాట వినిన అయిదేండ్ల పిల్ల బడిలో తెలుగు వినును. గూడెములో చెట్టుపేరు, పురుగుపేరు, పిట్టపేరు అడిగి అడిగి పెద్దలను విసిగించిన ఆ పిల్ల బడిలో నోరు మెదపదు. ప్రశ్న కలదు, ప్రశ్నించు భాష లేదు. ఉపాధ్యాయుడు ఆ మౌనమును మందబుద్ధి యని పుస్తకమున వ్రాసికొనును. ఈ పొరపాటును మొదట గుర్తించిన ప్రయత్నములలో నొకటి ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో హైమెండార్ఫు ప్రోద్బలమున ఆరంభమైన శిక్షణకేంద్రము. గోండులనే ఉపాధ్యాయులనుగా తీర్చి, గోండి వాచకములతో చదువు చెప్పించిరి. భద్రాచలము వైపు గొమ్ముకోయల మాటకు 1969లో స్టీఫెన్ టైలర్ వర్ణనాత్మక వ్యాకరణము వ్రాసెను. కాని అది భాషాశాస్త్రజ్ఞులకే, బడిపిల్లలకు కాదు. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కోయతో గూడ ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపిలో, తొలితరగతుల వాచకములు ఆరంభమైనవి. మార్లవాయినుండి ఇచటికి అరువది యేండ్లు పట్టినది. వ్యాకరణమునకును వాచకమునకును నడుమనున్న ఈ దూరమును తెలుగుశాఖలవారు కొంత సిగ్గుతో గమనింపవలసియున్నది. మన మాండలిక పరిశోధనలలో కోయపదములు పట్టికలుగా కుప్పపడినవి. వానినుండి ఒక పిల్లల కథాపుస్తకమైనను వెలువడినది బహు తక్కువ.

హైమెండార్ఫు గ్రంథమున ప్రస్తావింపబడిన పేరంటపల్లి, కొయిదా వంటి గ్రామములు పోలవరము జలాశయపు ముంపు పరిధిలో నున్నవి. ఆ గూడెముల పిల్లలు రేపు పునరావాస గృహములలో పెరిగి, మన ఊరెచట నుండెడిదని యడిగినచో చూపుటకు నేల యుండదు, చెప్పుటకు కాగితమే యుండును. ఒకనాడు పెద్దలకు అనవసరపు ఆరాగా తోచిన ప్రశ్నలే - మీ ఇండ్లు ఏ దిక్కున నున్నవి, మీ వేల్పు ఏ చెట్టుక్రింద, మీ పాతపోడు ఏ కొండపై - ఆ పిల్లలకు ఆధారమగును. ఆ కాగితములు ఏ భాషలో నుండును, ఎవరి చేతిలో నుండును అనునది మన ముందున్న పని.

కొలదియేండ్ల క్రిందట మేము ఆ గ్రంథమును చంకబెట్టుకొని గోదావరి ఎగువగట్టునందలి ఒక రెడ్డిగూడెమునకు పోతిమి. మా చేతిలో నలుబదిరెండు ప్రశ్నల పట్టిక కలదు. ఒక వృద్ధుడు మూడవ ప్రశ్నవరకు ఓపికతో చెప్పి, పిదప తెలియదనెను. పట్టిక మూసి ఛాయాచిత్రములున్న పుటలు తెరచితిమి. ఊరివారు చుట్టుముట్టిరి. ముసలివారు ముఖములు వెదకిరి; ఫలానావాడు కావచ్చునని, కాదని వాదులాడుకొనిరి. ఎనిమిదేండ్ల బాలు డొకడు మాత్రము చిత్రమును తలక్రిందులుగా త్రిప్పి, మరల సరిచేసి, మమ్మడిగెను: "ఈ బొమ్మ తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు?" మాకు తెలియలేదు, మా నలుబదిరెండు ప్రశ్నలలో అట్టిది లేదు. వృద్ధుడు పుస్తకమును తన చేతిలోనికి తీసికొని, చిత్రములోని కొండ వాలును, ఎదుటి కొండ వాలును పోల్చి చూచి, బాలుని భుజము పట్టుకొని రేవువైపు దిగసాగెను. మేమును వారి వెనుక నడచితిమి.